ప్రోగ్రాము రాకుండా ప్రోగ్రామింగ్ పాస్ చేయించడం ఎలా?
కొత్తగా చేరిన లెక్చరర్లకు కొన్ని చిట్కాలు

గుంటూరు నుంచి ఒంగోలు వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే పత్తి చేలు, మిరప చేలు, వాటి మధ్య ర్యాంకుల హోర్డింగులు వరసగా కనిపిస్తాయి. అలాంటి ఒక హోర్డింగు వెనకున్న ఇంజనీరింగ్ కాలేజీలో మీకు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. సంతోషం. చేరిన రోజే హెచ్‌ఓడీ గారు పిలిచి ఫస్టియర్‌కు ప్రోగ్రామింగ్ చెప్పమన్నారు. అందులో వింతేమీ లేదు. డిపార్టుమెంటులో చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైన సబ్జెక్టు అదే. కనుక దాన్ని అందరికన్నా చివర చేరినవారికి అప్పగించడం ఆనవాయితీ. సీనియర్లు ఫైనలియర్‌కు డీప్ లెర్నింగ్ చెప్పుకుంటారు. అక్కడ క్లాసుకు వచ్చేవాళ్లే తక్కువ, వచ్చినవాళ్లు ప్లేస్‌మెంట్ పరీక్షలకు చదువుకుంటారు. ఎవరికీ ఎవరితోనూ ఇబ్బంది ఉండదు.

ఫస్టియర్ సంగతి వేరు. మాచర్ల, వినుకొండ, దర్శి, కనిగిరి, పర్చూరు, చిలకలూరిపేట నుంచి పిల్లలు బస్సులెక్కి వస్తారు. చాలామంది ఇళ్లలో కంప్యూటరు ఉండదు. కానీ వాళ్లను తక్కువ అంచనా వేయకండి. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించి వచ్చినవాళ్లు. మీరు ఏ మాత్రం ఏమరుపాటుగా ఉన్నా నిజంగానే ప్రోగ్రాములు రాయడం నేర్చేసుకుంటారు. ఆ ప్రమాదం జరక్కుండా, రిజల్టు మాత్రం తగ్గకుండా చూసుకోవడానికే ఈ చిట్కాలు.

1. మొదటి నెల కంప్యూటరు ముట్టుకోనివ్వకండి

చార్లెస్ బాబేజ్‌తో మొదలుపెట్టండి. 1946 నాటి ఎనియాక్ బరువు చెప్పండి. వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు అంటూ తరాలన్నీ వల్లె వేయించండి. తరవాత కంప్యూటర్ బ్లాక్ డయాగ్రమ్: ఎడమ పక్క ఇన్‌పుట్, మధ్యలో సీపీయూ, కుడి పక్క అవుట్‌పుట్. బాణం గుర్తులు పెన్సిలుతో, స్కేలు పెట్టి గీయాలి. ఇక సీ భాష వంశవృక్షం. 1960లో ఆల్గాల్, 1967లో బీసీపీఎల్, 1970లో బీ, 1972లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతుల మీదుగా సీ. ఇది పక్కా ఇంపార్టెంటు ప్రశ్న అని చెప్పి పక్కన రెండు నక్షత్రాలు పెట్టించండి.

అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వాళ్లు ఈ విషయంలో పెద్ద పొరపాటు చేశారు. కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల మాస్టార్లు 1964లో బేసిక్ అనే భాష తయారుచేసి, సైన్సు చదవని పిల్లల్ని కూడా టెర్మినల్ ముందు కూర్చోబెట్టారు. తరాల సంగతి, బ్లాక్ డయాగ్రమ్ సంగతి తేలకుండానే ఆ పిల్లలు ప్రోగ్రాములు రాసేశారు. మనం అంత తొందరపడకూడదు. సెమిస్టర్లో అయిదు యూనిట్లున్నాయి, మొదటి యూనిట్ మొదటి మిడ్ దాకా లాగొచ్చు.

2. తెలుగులో చెప్పకండి

తెలుగులో చెబితే అర్థమవుతుంది. అర్థమైతే ప్రశ్నలు పుడతాయి. ప్రశ్నలు పుడితే సిలబస్ వెనకబడుతుంది. కాబట్టి పుస్తకంలో ఉన్న నిర్వచనం ఉన్నట్టే ఇంగ్లీషులో రెండుసార్లు చదివి, 'అండర్‌స్టాండ్?' అని అడగండి. క్లాసంతా ఒక్క గొంతుతో 'ఎస్ సార్' అంటుంది. ఆ 'ఎస్ సార్' ఇంటర్ రెండేళ్లలో బాగా సాధన చేసి వచ్చినదే, ఎక్కడా తడబాటు ఉండదు.

ఎర్రర్ మెసేజీలు చదవడం మాత్రం పొరపాటున కూడా నేర్పకండి. టర్బో సీలో సెమీకోలన్ మరిచిపోతే తప్పు ఒక వరసలో ఉంటుంది, కంప్యూటరు చూపించేది తరవాతి వరసని. సెమీకోలన్ కనిపించేదాకా కంపైలర్‌కు ఆ వాక్యం ముగియలేదు, అందుకే కింది వరసలోకి వెళ్లాక గానీ దానికి తేడా తెలియదు. ఈ ఒక్క సంగతి తెలుగులో రెండు నిమిషాలు చెబితే పిల్లలు సగం ఎర్రర్లు వాళ్లే దిద్దుకుంటారు. చెప్పకపోతే ఏ తప్పూ లేని వరస వైపు మూడు వారాలు కళ్లప్పగించి చూస్తారు. ఆ మూడు వారాలూ ల్యాబ్ ప్రశాంతంగా ఉంటుంది.

స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ గుర్తు ఎందుకని ఎవరైనా అడిగితే, 'అది అలాగే రాయాలి నాన్నా, పాయింటర్స్ యూనిట్లో చెబుతా' అనండి. పాయింటర్స్ యూనిట్ వచ్చేసరికి సెమిస్టర్ ఆఖరవుతుంది. అప్పుడు 'టైము లేదు, పుస్తకంలో చూసుకోండి' అనండి.

3. టర్బో సీని వదలకండి

బోర్లాండ్ కంపెనీ టర్బో సీని 1987లో విడుదల చేసింది. ఆ నీలం తెర ఇప్పుడు 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు, డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాములో కూర్చోబెట్టి నడపాలి. మౌసు సరిగ్గా పనిచేయదు, ఫైలు ఎక్కడ సేవ్ అయిందో తెలియదు. సరిగ్గా అందుకే అది మనకు నచ్చాలి. అదే 1987లో వచ్చిన జీసీసీ ఉచితం, ఇప్పటికీ కొత్త విడుదలలు వస్తున్నాయి, లోకమంతా వాడుతోంది. అది నేర్పితే పిల్లలు ఇంటికెళ్లి ఫోన్లో కూడా ప్రోగ్రాములు నడిపి చూసుకుంటారు. ఆ తరవాత మన ల్యాబ్ తాళానికి విలువేముంటుంది?

మొదటి రోజు నుంచే వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌సీహెచ్ అలవాటు చేయండి. 1989లో సీ భాషకు ప్రమాణం కట్టినవాళ్లు మెయిన్ నుంచి పూర్ణాంకం తిరిగి రావాలన్నారు. వాళ్లు మన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు కారు.

టర్బో సీలో ఇంకో సుఖం ఉంది. అందులో పూర్ణాంకానికి రెండు బైట్లే చోటు. 32,767 దాటితే అంకె తిరగబడి మైనస్‌లోకి పోతుంది. ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40,320 రావాలి, మన తెర మీద మైనస్ 25,216 వస్తుంది. ఏడు దాకా సరిగ్గా వచ్చి ఎనిమిది దగ్గర తేడా కొట్టిందంటే, పాఠం చెప్పడానికి అంతకంటే మంచి గడియ ఉండదు. ఆ గడియ రానివ్వకండి. రికార్డులో ఇన్‌పుట్ ఎప్పుడూ అయిదే ఇవ్వాలని రూలు పెట్టండి, అవుట్‌పుట్ 120 వస్తుంది, అందరికీ ఒకే జవాబు.

ఒకవేళ ఎవడో ఒకడు సొంత తెలివి చూపించాడనుకోండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేసింది. ప్రత్తిపాడు వైపు రైతు బిడ్డ ఆ అంకె గుర్తుపెట్టుకొని, మూడు క్వింటాళ్లకు ఎంతొస్తుందో ప్రోగ్రాము రాశాడు. రావాల్సింది 35,343. వచ్చింది మైనస్ 30,193.

'సార్, మైనస్ వచ్చింది.'

'సిస్టమ్ ప్రాబ్లమ్ నాన్నా. రీస్టార్ట్ చెయ్.'

'మూడు క్వింటాళ్లు అమ్మినందుకు రైతే ఎదురు కట్టాలంటోంది సార్.'

'సరిగ్గా టైప్ చేసి ఉండవు.'

'మా నాన్నేమో నిరుడు అట్టాగే అయిందంటున్నాడు సార్.'

ఇక్కడ మీరు నవ్వకూడదు. నవ్వితే వాడు బోర్డు దగ్గరికి వస్తాడు, రెండు బైట్లలో ఎన్ని అంకెలు పడతాయో అడుగుతాడు, మీరు బైనరీ గీయాల్సి వస్తుంది. యూనిట్ ఒకటిలో నెంబర్ సిస్టమ్స్ అయిపోయాయని గుర్తుచేసి కూర్చోబెట్టండి.

4. క్లాసులో ప్రోగ్రాము నడిపి చూపించకండి

ప్రొజెక్టరు పెట్టి పిల్లల ఎదుట టైప్ చేస్తే మీకూ ఎర్రర్లొస్తాయి. మీకు ఎర్రర్ వస్తే దాన్ని ఎలా వెతుకుతున్నారో, ఏ వరస మధ్యలో ప్రింట్‌ఎఫ్ పెట్టి చూస్తున్నారో, ఏది మార్చి మళ్లీ రన్ చేస్తున్నారో పిల్లలు చూసేస్తారు. ప్రోగ్రామింగ్ అనే పని చాలావరకు అదే కాబట్టి గుట్టు రట్టయిపోతుంది.

బోర్డు మీద సుద్దతో రాయండి. సుద్దతో రాసిన ప్రోగ్రాములో ఏనాడూ ఎర్రర్ రాదు. అప్పుడు పిల్లలకు రెండు నమ్మకాలు కుదురుతాయి. ఒకటి, వచ్చినవాళ్లకు మొదటిసారే తప్పుల్లేకుండా వస్తుంది. రెండు, తమకు ఎర్రర్లొస్తున్నాయి కాబట్టి తమకు రాదు. ఈ రెండో నమ్మకం నాలుగేళ్లపాటు చెక్కు చెదరదు.

5. ఉదాహరణలు ఊరికి దూరంగా ఉండాలి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా. ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య, పాలిండ్రోమ్, ఫిబొనాచీ, ప్రైమ్, రెండు మాత్రికల గుణకారం, హనోయ్ గోపురం. ఈ ఆరింటికి బయట ప్రపంచం లేదన్నట్టు ఉండాలి. 153లో ఒకటి ఘనం, అయిదు ఘనం, మూడు ఘనం కలిపితే మళ్లీ 153 వస్తుంది. దానితో మీకు గానీ, పిల్లలకు గానీ, వాళ్ల అమ్మానాన్నలకు గానీ జన్మలో పని పడదు. అందుకే అది శ్రేష్ఠం. జవాబు తప్పొచ్చినా ఎవరికీ తెలియదు.

పత్తి జోలికి మాత్రం పోకండి. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ ఎనిమిది శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర. ఎనిమిది దాటి పన్నెండు దాకా ఉంటే ధరలో కోత. పన్నెండు దాటితే బండి వెనక్కి. ఇఫ్, ఎల్స్ ఇఫ్, ఎల్స్ చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క ఏ పుస్తకంలోనూ దొరకదు, అదే చిక్కు. సరిగ్గా ఎనిమిది వస్తే ఏం చేయాలి? సరిగ్గా పన్నెండు వస్తే? 'కంటే తక్కువ' రాయాలా, 'తక్కువ లేదా సమానం' రాయాలా? ఫస్టియర్ పిల్లలు అన్నిచోట్లా తప్పు చేసేది ఈ గట్టు దగ్గరే. పత్తి లెక్కలో మాత్రం తప్పు చేయరు. తేమ మీటరు మీద పన్నెండు పాయింట్ రెండు చూపించిన రోజు బండి వెనక్కి తోలుకొచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో వాళ్లలో కొందరికి తెలుసు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి, 'సార్, మీ కండిషన్ తప్పు' అంటుంది. ఇంత అవసరమా?

మిర్చి యార్డు ఇంకా ప్రమాదం. రోజూ పేపర్లో రకాలవారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర పడతాయి. ఒక రోజు లాట్ల ధరలు అరేలో వేసి గరిష్ఠం కనుక్కోమంటే అరేలంటే ఏమిటో అర్థమైపోతుంది. పోలికను సున్నాతో మొదలుపెట్టాలా, మొదటి లాటు ధరతోనే మొదలుపెట్టాలా అని వాదించుకుంటారు. గరిష్ఠానికి సున్నాతో మొదలుపెట్టినా గట్టెక్కుతుంది, కనిష్ఠానికి సున్నాతో మొదలుపెడితే యార్డులో మిర్చి ఊరికే ఇస్తున్నారని జవాబొస్తుంది. పోనీ స్విచ్ కేసు చెబుదామని రకం పేర్లు తీసుకుంటే, 334 పడుతుంది, 341 పడుతుంది, తేజ పడదు. సీ భాషలో స్విచ్‌కు పూర్ణాంకాలే ఇవ్వాలి. తేజ ఎందుకు పడలేదన్న ప్రశ్నతో అక్షరాల వరసకూ అంకెకూ ఉన్న తేడా దాకా పిల్లలు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతారు. స్ట్రింగ్స్ ఇంకో యూనిట్లో ఉన్నాయి. లెసన్ ప్లాన్ దెబ్బతింటుంది.

వాన సంగతి కూడా ఎత్తకండి. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే 1980లలో పిల్లలకు ఒక చిన్న లెక్క ఇచ్చాడు. రోజువారీ వర్షపాతం అంకెలు ఒక్కొక్కటే చదవాలి, 99999 రాగానే ఆపాలి, సగటు చెప్పాలి. అంతే. చూస్తే చిటికెలో పని. కానీ చాలామంది తప్పారు. ఆపమని చెప్పిన 99999ని కూడా వానలో కలిపేసి సగటు కట్టినవాళ్లున్నారు. అసలు ఒక్క అంకె కూడా రాకపోతే సున్నాతో భాగించాల్సి వస్తుందని ఆలోచించని వాళ్లున్నారు. ఇన్నేళ్లుగా ప్రోగ్రామింగ్ బోధన మీద పరిశోధన చేసేవాళ్లు ఆ వాన లెక్కను మళ్లీ మళ్లీ తీస్తూనే ఉన్నారు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల పిల్లలకు ఈ లెక్క ఇస్తే వానే పడని నెల సంగతి అడక్కుండా ఊరుకుంటారా? మీరు చెప్పాల్సిన హెచ్చరిక వాళ్లే చెబుతారు. అప్పుడు క్లాసులో మీ పాత్ర ఏమిటి?

6. ల్యాబ్‌ను గుడిలా నడపండి

చెప్పులు బయట. ఐడీ కార్డు మెడలో. అబ్జర్వేషన్ పుస్తకం మీద సంతకం లేనిదే లోపలికి ప్రవేశం లేదు. మెషీన్‌కు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇంట్లో కంప్యూటరున్న పిల్లాడు కీబోర్డు పట్టుకుంటాడు, రెండోవాడు చదివి చెబుతాడు, మూడోవాడు అవుట్‌పుట్ కాపీ చేసుకుంటాడు. సెమిస్టర్ అంతా ఆ వరస మారకుండా చూసుకోండి. ముగ్గురినీ పావుగంటకోసారి చోటు మార్చి కూర్చోబెడితే మూడోవాడికీ టైపింగ్ వచ్చేస్తుంది.

అడుగుతూ తిరిగేవాళ్లుంటారు, వాళ్లకు మీరు స్వయంగా కీబోర్డు లాక్కొని తప్పు దిద్ది ఇచ్చేయండి. పది సెకన్లలో పనైపోతుంది. 'ఈ వరస ఏం చేస్తుందనుకున్నావు, ఏం చేసింది?' అని అడిగారంటే పది నిమిషాలు పోతుంది, పైగా వాడికి అర్థమై ఇంకోసారి మిమ్మల్ని పిలవడు.

కాలేజీ బస్సులు కదిలే వేళకు పావుగంట ముందే సిస్టములు షట్‌డౌన్ చేయించండి. నడిమధ్యలో ఉన్న ప్రోగ్రాము పోయిందని ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే రికార్డులో ఎలాగూ ఉందని ధైర్యం చెప్పండి.

7. రికార్డే ప్రోగ్రాము

ప్రోగ్రాము నడిచిందా లేదా అన్నది క్షణికం. రికార్డు శాశ్వతం. ఎడమ పక్క తెల్ల కాగితం మీద ఫ్లోచార్ట్, అవుట్‌పుట్. కుడి పక్క గీతల కాగితం మీద ఎయిమ్, అల్గారిథమ్, ప్రోగ్రాము. చివర్లో 'ప్రోగ్రాము విజయవంతంగా ఎగ్జిక్యూట్ అయినది' అనే వాక్యం తప్పనిసరి. కరెంటు పోయిన రోజు ప్రయోగానికి కూడా ఆ వాక్యం రాయించండి.

ఫ్లోచార్ట్ ఎప్పుడు గీయాలన్న సందేహం కొందరికి వస్తుంది. ప్రోగ్రాము రాయకముందు ఆలోచించుకోవడానికే అది పుట్టింది. మనం ప్రోగ్రాము అయ్యాక, రికార్డు ఇచ్చే ముందు రాత్రి, సీనియర్ రికార్డు చూసి గీయిస్తాం. కాటాకు ముందు కాయ మీద నీళ్లు చల్లినట్టే ఇది: తూకం పెరుగుతుంది, లోపల బూజు పట్టేది తరవాత కదా.

తప్పు పడితే కొట్టివేతలు ఒప్పుకోకండి, పేజీ మొత్తం మళ్లీ రాయించండి. ఒకసారి రాసిన ప్రోగ్రామును పదిసార్లు మారుస్తూ బాగుచేయడం ఈ వృత్తి స్వభావమని వాళ్లకు పొరపాటున కూడా అనిపించకూడదు.

8. పరీక్షలో మెదడుకు పని పెట్టకండి

ఐకి అయిదు ఇచ్చి, ఐ ప్లస్ ప్లస్‌కు ప్లస్ ప్లస్ ఐ కలిపితే ఎంత? ఈ ప్రశ్న ప్రతి మిడ్‌లోనూ ఇవ్వండి. ఒకే వాక్యంలో ఒకే చలరాశిని రెండుసార్లు అలా మార్చితే ఫలితం ఇదీ అని సీ ప్రమాణం ఎక్కడా చెప్పదు, ఒక కంపైలర్లో ఒకటి, ఇంకో కంపైలర్లో ఇంకోటి రావొచ్చు. జవాబే లేని ప్రశ్నకు మన కీలో మాత్రం ఒకే జవాబుంటుంది. పిల్లలు ఆ అంకెను కంఠతా పడతారు. పరీక్ష కష్టంగా ఉందన్న పేరు కూడా వస్తుంది.

ప్రోగ్రాము చదివి అదేం చేస్తుందో చెప్పమనడం, తప్పున్న ప్రోగ్రాము ఇచ్చి దిద్దమనడం లాంటి ప్రయోగాలు వద్దు. 2001లో పలు దేశాల పరిశోధకులు కలిసి నాలుగు విశ్వవిద్యాలయాల్లో 216 మంది మొదటి ఏడాది పిల్లలకు చిన్న కాలిక్యులేటర్ ప్రోగ్రాము రాయమని ఇచ్చారు. 110 మార్కులకు సగటున 22.89 వచ్చాయి. 2004లో ఇంకో బృందం చూస్తే, చాలామంది రాయలేకపోవడమే కాదు, ఎదుట ఉన్న చిన్న ప్రోగ్రామును వరసవారీగా చదివి ఏం జరుగుతుందో చెప్పడంలోనే తడబడుతున్నారని తేలింది. చూశారా, నిజం పరీక్షిస్తే ప్రపంచమంతా పరువు పోతుంది. మనకెందుకు? 70 మార్కుల పేపర్లో తెలిసిన ప్రశ్నలే ఉంటాయి. ఇంపార్టెంట్లు పదిహేను చెప్పండి, పది వస్తాయి.

9. లాజిక్ పుట్టుకతో రావాలని చెప్పండి

మిడ్ మార్కులు వచ్చాక క్లాసును రెండుగా చీల్చండి. లాజిక్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు. ఉన్నవాళ్లంటే ఎనిమిదో తరగతి నుంచి ఇంట్లో కంప్యూటరున్నవాళ్లు. ఈ చివరి మాట పైకి అనకండి. లేనివాళ్లను వెనక బెంచీలకు పంపి, 'మీరు బట్టీ పట్టి గట్టెక్కండి' అని దయగా సలహా ఇవ్వండి.

పేరెంట్స్ మీటింగులో జాగ్రత్త. దర్శి వైపు నుంచి ఒక తండ్రి వస్తాడు.

'మావోడు ఎట్టా చదువుతున్నాడండీ?'

'కష్టపడతాడండీ. లాజిక్ కాస్త తక్కువ.'

'అదేంటండీ, ఎరువుల కొట్టు లెక్క, కూలీల లెక్క, యార్డులో తరుగు, కమీషన్ అన్నీ వాడే చూస్తాడండీ మాకు.'

'అది వేరండీ.'

ఎలా వేరో ఆయన అడగడు. చదువుకున్నవాళ్లు చెప్పారని ఊరుకుంటాడు. మీరు కూడా లోతుగా ఆలోచించకండి. తరుగు తీసేసి, కమీషన్ తీసేసి, హమాలీ తీసేసి చేతికెంతొస్తుందో నోటి లెక్కన చెప్పే కుర్రాడికి వరసగా నాలుగు అసైన్‌మెంట్ స్టేట్‌మెంట్లు ఎందుకు రాలేదన్న ప్రశ్న మొదలైతే, అది వాడి దగ్గర ఆగదు.

10. చాట్‌జీపీటీని చేతిరాతతో ఎదుర్కోండి

ఇప్పుడు అసైన్‌మెంటు ఇచ్చిన నిమిషంలో పిల్లల ఫోన్లలో జవాబు తయారవుతోంది. కంగారు పడకండి. అదే జవాబును ఏ4 కాగితాల మీద చేత్తో రాసి తెమ్మనండి. దస్తూరీ బాగుంటే అయిదుకు అయిదు. ఇంతకు ముందు సీనియర్ రికార్డు చూసి రాసేవాళ్లు, ఇప్పుడు ఫోను చూసి రాస్తున్నారు. మన పద్ధతి ఎంత గట్టిదంటే ఇంత పెద్ద సాంకేతిక విప్లవం వచ్చినా అందులో ఒక్క గీత మారలేదు.

'నువ్వు తెచ్చిన ఈ ప్రోగ్రాములో ఈ వరస తీసేస్తే ఏమవుతుంది?' అని ఒక్కొక్కరినీ నిలబెట్టి రెండు నిమిషాలు అడగాలని కొందరు కుర్ర లెక్చరర్లు అంటున్నారు. అలా చేస్తే ఎవరికొచ్చో ఎవరికి రాదో తెలిసిపోతుంది. తెలిశాక ఊరుకోలేం.

11. కోర్సు ఫైలు పూర్తి చేయండి

పిల్లలకు వచ్చిందా రాలేదా అన్నది అభిప్రాయభేదం. కోర్సు ఔట్‌కమ్ నెరవేరిందా అన్నది ఎక్సెల్ షీటు. నాలుగో ఔట్‌కమ్‌కూ అయిదో ప్రోగ్రామ్ ఔట్‌కమ్‌కూ సంబంధం ఒకటా, రెండా, మూడా? రెండు వేయండి. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవారికి అడగడానికేమీ ఉండదు. రెగ్యులేషన్ మారినప్పుడల్లా సబ్జెక్టు పేరు మారుతుంది. కాకినాడ జేఎన్టీయూ ఆర్20లో 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్ యూజింగ్ సీ', ఆర్23లో 'ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్'. ఫైలు మీద లేబుల్ మార్చండి. లోపలి నోట్సు కదిలించకండి.

చేయకూడని పనులు

పైవన్నీ పాటిస్తూనే కొందరు తెలియక కొన్ని తప్పులు చేసి మొత్తం చెడగొట్టుకుంటారు. కనుక ఇవి గోడకు రాసి పెట్టుకోండి.

మొదటి గంటలోనే పిల్లలను ల్యాబ్‌కు తీసుకెళ్లి నాలుగు వరసల ప్రోగ్రాము నడిపించకూడదు. రన్ నొక్కే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాసుకోమని, వచ్చినదానితో పోల్చుకోమని చెప్పకూడదు. సగం రాసిన ప్రోగ్రాము ఇచ్చి మిగతా పూర్తి చేయించకూడదు. పక్కవాడికి తెలుగులో వివరించమనకూడదు. పెద్ద లెక్కను చిన్న చిన్న ఫంక్షన్లుగా ఎలా విడగొట్టాలో సొంత ఊరి లెక్కతో చూపించకూడదు. వారానికి ఒక చిన్న పరీక్ష కంప్యూటరు ముందే పెట్టి, తప్పులు దిద్దుకునే అవకాశం ఇచ్చి, మళ్లీ రాయనివ్వకూడదు. మధ్యాహ్నం భోజనం గంటలో ల్యాబ్ తెరిచి ఉంచకూడదు. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలకు అది తప్ప వేరే సమయం లేదు, వాళ్లు చెప్పులు బయట విడిచి మరీ వచ్చి కూర్చుంటారు.

ఈ తప్పుల్లో దేనికీ యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు. సిలబస్ మారనవసరం లేదు, కొత్త కంప్యూటర్లు కొననవసరం లేదు, జీసీసీకి పైసా కట్టనవసరం లేదు. హెచ్‌ఓడీ గారు అడిగితే సిలబస్ ప్రకారమే చెబుతున్నానని నిజమే చెప్పొచ్చు. అందుకే ఈ పాపం చాలా సులువుగా అంటుకుంటుంది. సోమవారం మీ మొదటి క్లాసు ఉంది కదా. చేయదలచుకుంటే, పత్తి తేమ లెక్కతో మొదలుపెట్టండి.